క్లిప్పులు లేకుండా పళ్లు సరిచేసుకోవాలంటే: ఎంపిక దగ్గర్నుంచి రిటైనర్ దాకా, ఏది ముందు ఏది తర్వాత

"లోహపు క్లిప్పులు వద్దు, వేరే దారి ఏదైనా ఉందా?" అని అడిగేవాళ్లలో చాలామంది అప్పటికే అలైనర్లు, అంటే పళ్లమీద తొడిగే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు, వేయించుకోవాలని నిర్ణయించేసుకుని ఉంటారు. ముందు తేల్చుకోవాల్సినవి రెండు: మీ పళ్లకు ఉన్న సమస్య ఏ రకం, మీ రోజు ఎలా గడుస్తుంది. ఈ రెండూ తేలితే ఏ పరికరం అన్నది దానంతటదే తేలుతుంది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఉండేవాళ్లను మనసులో పెట్టుకుని, చేయాల్సిన వరుసలోనే ఇక్కడ రాశాం.

1. ముందు అద్దంలో చూసుకోండి

పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి వెనక పళ్లు కలిపి కొరికి పట్టండి. పెదవులు వేళ్లతో పక్కకు లాగి, ఫోన్‌తో మూడు ఫొటోలు తీయించుకోండి: ఎదురుగా ఒకటి, కుడి ఎడమల నుంచి చెరొకటి. తర్వాత నోరు తెరిచి పై వరుసకు, కింది వరుసకు ఒక్కో ఫొటో. వాటిలో చూడాల్సినవి:

- పళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కాయా, లేక సందులున్నాయా
- పై ముందు పళ్లు కింది పళ్లకంటే ఎంత ముందుకున్నాయి. 2 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలే. 6, 7 దాటితే దాన్ని ఎత్తుపళ్లు అనుకుని వదిలేయకూడదు, దవడ ఎముకను కూడా చూడాలి
- కొరికినప్పుడు పై పళ్లు కింది పళ్లను పూర్తిగా కప్పేస్తున్నాయా, లేక పై ముందు పళ్లకూ కింది ముందు పళ్లకూ మధ్య ఖాళీ మిగిలిపోతోందా
- ఏ పై పన్నయినా కింది పన్నుకు లోపలి వైపు పడుతోందా
- కోరపన్ను అసలు బయటికి వచ్చిందా. పాతికేళ్లు దాటినా పాలకోర అక్కడే ఉందంటే అసలు పన్ను ఎముకలో ఇరుక్కుని ఉండొచ్చు

పళ్లు ఇరుకుగా ఉన్నప్పుడు ఎంత చోటు తక్కువైందో డాక్టర్లు మిల్లీమీటర్లలో లెక్కిస్తారు. 4 లోపు తేలిక, 4 నుంచి 8 మధ్యస్థం, 8 దాటితే తీవ్రం. తేలిక రకానికి ఏ దారైనా పనిచేస్తుంది. తీవ్రమైనదానికి సాధారణంగా నాలుగు పళ్లు తీయాల్సి వస్తుంది. అలా పళ్లు తీసిన ఖాళీని మూయడం అలైనర్లకు కష్టమైన పని. ట్రే పన్ను తలను లాగినంత తేలిగ్గా వేరును లాగలేదు. దాంతో పళ్లు నిటారుగా జరగకుండా ఖాళీలోకి ఒరిగిపోతాయి.

2. ఉన్న దారులు, ఏది ఎవరికి

అలైనర్లు. మీ పళ్ల అచ్చుకు సరిపోయే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు వరుసగా మారుస్తూ పోతారు. ఒక్కో ట్రే పన్నును దాదాపు పావు మిల్లీమీటరు జరుపుతుంది. తేలిక నుంచి మధ్యస్థ ఇరుకు, సందులు, క్లిప్పులు తీసేశాక రిటైనర్ (సరిచేసిన పళ్లను కదలకుండా పట్టి ఉంచేది) మానేయడంతో మళ్లీ తిరిగిన పళ్లు వీటికి బాగా లొంగుతాయి. గుండ్రంగా ఉండే కోరపళ్లు, వాటి వెనక చిన్న దవడ పళ్లు బాగా తిరిగి ఉంటే మొండికేస్తాయి. పొట్టిగా ఉన్న పన్నును కిందికి లాగడం కూడా కష్టమే, ఎందుకంటే ట్రేకు పట్టు దొరకదు.

సిరామిక్ క్లిప్పులు. పనితీరులో లోహపు క్లిప్పులే, రంగు పంటిది. రెండు గజాల దూరం నుంచి తీగ తప్ప పెద్దగా కనపడదు. రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నాం అన్న లెక్క ఉండదు. క్రమశిక్షణ మీద నమ్మకం లేనివారికి మేం ముందు చెప్పేది ఇదే.

సెల్ఫ్ లైగేటింగ్ క్లిప్పులు. తీగను రబ్బరు ముడితో కాకుండా చిన్న తలుపుతో పట్టి ఉంచుతాయి. రబ్బరు లేదు కాబట్టి ఆహారం తక్కువ ఇరుక్కుంటుంది, పసుపు పట్టదు. "సగం కాలంలో అయిపోతుంది" అని చెబితే మాత్రం నమ్మకండి. మామూలు క్లిప్పులతో పోలిస్తే మొత్తం కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాదు.

లింగ్యువల్ క్లిప్పులు. పళ్ల వెనక, నాలుక వైపు అతికిస్తారు. బయటికి ఏమీ కనపడదు. మొదటి రెండు మూడు వారాలు నాలుక ఒరుసుకుపోతుంది. స, శ, త, ద పలకడం తేడాగా ఉంటుంది. ఇవి వేయడంలో అనుభవం ఉన్నవాళ్లు తక్కువ, ఖర్చు అన్నిటికంటే ఎక్కువ.

తీసిపెట్టే ప్లేట్లు. గులాబీ అక్రిలిక్ ముక్క, దానికి స్టీలు స్ప్రింగు. ఒకటి రెండు పళ్లు లోపలికి పడినా, ముందు పళ్ల మధ్య చిన్న సందున్నా సరిపోతాయి. చవకైన దారి ఇదే, కానీ పన్నును ఒరిగించడం తప్ప ఇంకేమీ చేయలేవు.

వెనీర్లు, కాంపోజిట్. వెనీర్ అంటే పంటి ముందు వైపు అతికించే పలుచటి పెంకు, కాంపోజిట్ అంటే పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం. ఇవి పన్నును జరపవు, ఆకారం మారుస్తాయి. ముందు పళ్ల మధ్య 1, 2 మిల్లీమీటర్ల సందు ఉంటే కాంపోజిట్‌తో ఒక్క పూటలో మూసేయొచ్చు. పింగాణీ వెనీర్‌కైతే సాధారణంగా పన్ను పైపొర అయిన ఎనామెల్‌ను అర మిల్లీమీటరు దాకా అరగదీస్తారు, అది మళ్లీ పెరగదు. ఇరవై రెండేళ్ల పిల్లకు వంకర పళ్లు దాచడానికి ఆరు వెనీర్లు పెట్టించడం మాకు నచ్చని పని. ఆ పళ్లకు జీవితాంతం కొన్నేళ్లకోసారి రిపేరు తప్పదు.

ఖర్చు మామూలుగా ఈ వరుసలో పెరుగుతుంది: ప్లేట్లు, లోహపు క్లిప్పులు, సిరామిక్, అలైనర్లు, లింగ్యువల్. మీకు చెప్పిన ధర ఈ వరుసకు తలకిందులుగా ఉంటే ఎందుకో అడగండి.

3. మీ రోజును నిమిషాల్లో లెక్కగట్టండి

అలైనర్ రోజుకు 22 గంటలు నోట్లో ఉండాలి, కనీసం 20. అంటే మీ చేతిలో ఉన్నది 120 నిమిషాలు. కాగితం తీసి రాయండి.

బీసెంట్ రోడ్డులో దుకాణం నడిపే ఒకరి రోజు ఇలా ఉంటుందనుకుందాం. టిఫిన్ 20, భోజనం 30, రాత్రి భోజనం 30. తిన్నాక తోముకోవడానికి ఒక్కోసారి 5, మొత్తం 15. ఇప్పటికి 95. ఇంకా నాలుగు టీలు, ఒక్కోటి 15 నిమిషాల కబుర్లతో కలిపి 60. సాయంత్రం మిరపకాయ బజ్జీ 20. మొత్తం 175 నిమిషాలు. అయినా 21 గంటలు పెట్టుకున్నట్టే, అంటే బాగానే ఉన్నట్టు.

చెడేది ఇక్కడ కాదు. ఎనిమిదిసార్లు తీశాక, వాటిలో నాలుగుసార్లు "కాసేపాగి పెట్టుకుందాం" అనుకుని అరగంట వదిలేస్తే 120 నిమిషాలు అదనం. లెక్క 19 గంటలకు దిగిపోతుంది. రెండు వారాలు అలా గడిస్తే తర్వాతి ట్రే కూర్చోదు. కాబట్టి అలైనర్ వేయించుకునేవాళ్లు మానాల్సింది టీ కాదు. నాలుగు టీలను రెండు చేసి, వాటిని టిఫిన్‌తోనో భోజనంతోనో కలిపేస్తే చాలు.

నిర్ణయానికి ముందు ఇవీ చూసుకోండి:

- వచ్చే ఆరు నెలల్లో పెళ్లి ఉందా? ఫొటోల కోసమే అయితే అలైనర్లకు పట్టు కోసం పళ్లమీద అతికించే గుబ్బలు దగ్గరి ఫొటోలో కనిపిస్తాయి. పెళ్లికి మూడు నెలల ముందు మొదలుపెట్టకండి.
- అమెరికాకో హైదరాబాదుకో చదువుకు వెళ్తున్నారా? క్లిప్పులు వేయించుకుని ఆరు నెలల్లో వీసా మీద వెళ్లిపోతే, అక్కడ మరో డాక్టర్ మధ్యలో కేసు తీసుకోవడం కష్టం, ఖర్చు కూడా ఎక్కువే. అలైనర్లయితే కొన్ని సెట్లు ముందే ఇచ్చి వీడియోలో చూడొచ్చు, కానీ గుబ్బ ఊడితే అతికించే మనిషి దగ్గర ఉండాలి.
- పాన్, గుట్కా, సిగరెట్ అలవాటు ఉందా? ట్రే పసుపెక్కడం చిన్న విషయం. చిగుళ్ల జబ్బు ముదిరితే పన్ను జరిపే కొద్దీ ఎముక తగ్గిపోతుంది.

4. డాక్టర్ దగ్గరకు

పళ్లు జరిపే పనికి దంత వైద్యుల్లోనే విడిగా చదివినవాళ్లుంటారు. బీడీఎస్ తర్వాత మూడేళ్ల ఎండీఎస్, సబ్జెక్టు ఆర్థోడాంటిక్స్. విజయవాడలో సూర్యారావుపేట, గవర్నర్‌పేట, గుంటూరులో కొత్తపేట, అరండల్‌పేట, బ్రాడీపేట వీధుల్లో బోర్డుల మీద ఈ రెండు మాటలూ వెతకండి. బోర్డు మీద లేకపోతే "ఆర్థో డాక్టరుగారు ఏ రోజు వస్తారు?" అని అడగండి. చాలాచోట్ల వారానికో పదిహేను రోజులకో ఒకసారి వస్తారు. అలాంటి చోట మధ్యలో ఏదైనా ఊడితే ఎవరు చూస్తారో కూడా అప్పుడే తెలుసుకోండి.

ఖర్చు తగ్గాలంటే బోధనాసుపత్రులు ఉన్నాయి: విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులోని సిబార్, గన్నవరం దగ్గర చినఅవుటపల్లిలోని సిద్ధార్థ దంత కళాశాల. పీజీ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో చేస్తారు. సమయం ఎక్కువ పడుతుంది, విద్యార్థి కోర్సు ముగిస్తే చేతులు మారుతుంది. ఓపిక ఉంటే మంచి దారి.

తీసుకెళ్లాల్సినవి, చెప్పాల్సినవి:

- పాత ఎక్స్‌రేలు, పాత క్లిప్పుల చికిత్స కాగితాలు
- రూట్ కెనాల్, క్యాపు, ఇంప్లాంట్ ఏ పన్నుకు ఉన్నాయో. రూట్ కెనాల్ అయిన పన్ను జరుగుతుంది. ఎముకలో బిగించిన ఇంప్లాంట్ జరగదు, ప్లాన్ దాని చుట్టూ వేయాలి
- షుగరు ఉంటే తాజా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టు
- ఎముకలు గుల్లబారకుండా వాడే మాత్రలు, ఇంజెక్షన్లు ఉంటే తప్పకుండా. వాటిలో కొన్ని పన్ను కదలికను బాగా మందగింపజేస్తాయి
- గర్భిణి అయితే ఎక్స్‌రేకు ముందే ఆ మాట
- కనిగిరి, పల్నాడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగి, పళ్లమీద గోధుమ రంగు మచ్చలుంటే ఆ సంగతి. అలాంటి ఎనామెల్‌కు జిగురు సరిగా పట్టదు, గుబ్బలూ క్లిప్పులూ తరచూ ఊడతాయి. డాక్టరుకు ముందే తెలిస్తే పంటి పైపొరను సిద్ధం చేసే పద్ధతి మారుస్తారు

మొదటి రెండు సిట్టింగుల్లో జరగాల్సినవి ఇవి: పూర్తి దవడ ఎక్స్‌రే అయిన ఓపీజీ, తల పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్, ముఖం, పళ్ల ఫొటోలు, స్కాన్ లేదా అచ్చు. ఎక్స్‌రే లేకుండా, ఒట్టి స్కాన్‌తో ట్రేలు తయారుచేస్తామంటే లేచి వచ్చేయండి. స్కాన్‌లో పంటి తల కనపడుతుంది గానీ వేరు, ఎముక కనపడవు.

స్కాన్‌కు ముందే గార తీయించడం, పిప్పిపళ్లకు ఫిల్లింగ్ అయిపోవాలి. వరుస తప్పితే నష్టం ఇది: స్కాన్ అయ్యాక ఫిల్లింగ్ చేస్తే పంటి ఆకారం మారి, వచ్చిన ట్రేలు ఆ పంటి మీద కూర్చోవు.

5. ప్లాన్ చూసి ఒప్పుకునే ముందు

అలైనర్ అయితే కంప్యూటర్ తెరమీద మీ పళ్లు వరుసగా సర్దుకుంటున్న బొమ్మ చూపిస్తారు. చూడముచ్చటగా ఉంటుంది. అది అంచనా మాత్రమే, హామీ కాదు. ఆ తెర ముందు కూర్చున్నప్పుడే అడగాల్సినవి:

- మొత్తం ట్రేలు ఎన్ని, ఒక్కోటి ఎన్ని రోజులు
- పళ్ల మధ్య అరగదీయడం ఉందా, ఎక్కడెక్కడ, ఎంత
- గుబ్బలు ఏయే పళ్లమీద
- దవడల మధ్య రబ్బర్లు వేయాలా
- చివర్లో పళ్లు అనుకున్నట్టు రాకపోతే మళ్లీ స్కాన్ తీసి ఇచ్చే అదనపు ట్రేలు ఈ ధరలోనేనా, ఎన్నిసార్లు
- ఎక్స్‌రే, స్కాన్, రిటైనర్ ధరలో కలిసి ఉన్నాయా
- అలైనర్ కుదరక మధ్యలో క్లిప్పులకు మారాల్సి వస్తే డబ్బు లెక్క ఏమిటి

చివరి రెండూ కాగితం మీద రాయించుకోండి. గొడవలన్నీ వాటి దగ్గరే వస్తాయి.

ట్రేలు పోస్టులో వస్తాయి, అచ్చు మీరే ఇంట్లో తీసి పంపండి అనే వ్యాపారాలకు దూరంగా ఉండండి. అమెరికాలో ఈ పద్ధతిలో అన్నిటికంటే పెద్దదైన స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడింది. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లకు అడగడానికి మనిషి లేకుండా పోయాడు.

6. గుబ్బలు అతికించే రోజు

డాక్టర్లు వీటిని అటాచ్‌మెంట్లు అంటారు. పంటి రంగు కాంపోజిట్‌తో చేసిన చిన్న దిమ్మెలు, ట్రేకు పట్టు దొరకడానికి. నొప్పి ఉండదు, మత్తు అక్కర్లేదు. పంటిని ఆరబెట్టి, పుల్లటి జెల్ కాసేపు రాసి, కడిగి, జిగురు పూసి, నీలం కాంతితో గట్టిపరుస్తారు. ఆ రోజు నాలుక తగిలితే గరుకుగా ఉంటుంది. వారంలో అలవాటవుతుంది.

పళ్ల మధ్య అరగదీయడం, అంటే ఐపీఆర్, చాలామందిని భయపెడుతుంది. ఒక సందు దగ్గర రెండు పళ్లకూ కలిపి 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లు తీస్తారు. కింది ముందు ఆరు పళ్ల మధ్య ఐదు సందులు. ఒక్కోచోట 0.4 అయితే 2 మిల్లీమీటర్ల చోటు దొరికినట్టే, దాంతో ఒక పన్ను పీకించుకునే పని తప్పొచ్చు. అరగదీసిన చోట ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి.

7. పెట్టుకోవడం, తీయడం

మొదటి ట్రే పెట్టించుకున్నాక క్లినిక్ అద్దం ముందే మీ చేత్తో మీరు మూడుసార్లు తీసి పెట్టండి. రాకపోతే కుర్చీ దిగకండి.

1. చేతులు కడుక్కోండి. ట్రే మీద నంబరు, పైదా కిందిదా చూసుకోండి.
2. ముందు పళ్లమీద ఆనించి, వేలి మెత్తతో నొక్కుతూ వెనక్కి వెళ్లండి. చివరి దవడ పళ్లు టక్ అని కూర్చోవాలి.
3. పళ్లతో కొరికి కూర్చోబెట్టకండి, ట్రే చీలుతుంది.
4. క్లినిక్‌లో ఇచ్చిన మెత్తటి గొట్టం ముక్కను, అంటే చ్యూయీని, ఒక్కో పంటి దగ్గర పెట్టి కొరికి వదలండి. రోజుకు రెండుసార్లు, 5 నిమిషాల చొప్పున.
5. తీసేటప్పుడు చివరి దవడ పన్ను దగ్గర, లోపలి వైపు నుంచి వేలి కొనతో లాగండి. ఒక వైపు వదులయ్యాక రెండోవైపు, ఆఖర్న ముందు పళ్లు. ముందునుంచి పీకితే ట్రే మధ్యలో విరుగుతుంది, గుబ్బ ఊడొస్తుంది.

కొత్త ట్రేను రాత్రి భోజనమయ్యాక, పడుకునే ముందు పెట్టండి. మొదటి రాత్రి ఒత్తిడి నిద్రలో పోతుంది. నొప్పి రెండు మూడు రోజులు, గట్టివి కొరికితేనే. అవసరమైతే డాక్టర్ చెప్పిన మోతాదులో పారాసిటమాల్. ట్రే అంచు చెంపకు గీసుకుంటుంటే గోరు అరగదీసుకునే ఆకురాయితో ఆ ఒక్క చోటే కాస్త నునుపు చేయండి.

మాట మొదటి నాలుగైదు రోజులు తేడాగా ఉంటుంది. ఫోన్‌లో ఎక్కువ మాట్లాడే ఉద్యోగమైతే శుక్రవారం రాత్రి మొదలుపెట్టండి.

8. తిండి, టీ, శుభ్రం

ట్రే నోట్లో ఉన్నప్పుడు మామూలు నీళ్లు తప్ప ఏదీ వద్దు. వేడి టీకి ప్లాస్టిక్ సాగుతుంది. చెరుకురసం, గోలీసోడా, కూల్‌డ్రింక్ అంతకంటే ప్రమాదం: ట్రే లోపల చేరిన చక్కెరను లాలాజలం కడిగేయలేదు, అది గంటల తరబడి పంటి మీదే ఉంటుంది. ఆరు నెలల్లో తెల్ల మచ్చలు, ఆ తర్వాత పిప్పి.

తిన్నాక బ్రష్ వీలుకాకపోతే రెండుసార్లు గట్టిగా పుక్కిలించి పెట్టేయండి. ట్రేను బయట ఉంచడం కంటే అది నయం. ఇంటికొచ్చాక సరిగా తోముకోండి.

ట్రేను చల్లటి నీళ్లలో, మెత్తటి బ్రష్‌తో, ఒక చుక్క ద్రవ సబ్బు వేసి కడగాలి. టూత్‌పేస్టు గీతలు పెడుతుంది, ఆ గీతల్లో వాసన చేరుతుంది. వేడినీళ్లు వద్దు. మే నెలలో కారు డాష్‌బోర్డు మీద పెట్టి మధ్యాహ్నం పనిమీద వెళ్లొస్తే ట్రే వంకరపోయి దొరుకుతుంది.

డబ్బా లేకుండా ట్రే తీయకండి. పెళ్లి భోజనంలో టిష్యూలో చుట్టి ఆకు పక్కన పెడతారు, తిన్నాక ఆకు మడుస్తారు, వడ్డించేవాళ్లు ఎత్తేస్తారు. ట్రేలు ఎక్కువగా పోయేది ఇలాగే. డబ్బా చొక్కా జేబులో, దానిమీద మీ ఫోన్ నంబరు.

9. ఏం తప్పుతుంది, ఏం చేయాలి

ట్రేకూ పంటి కొనకూ మధ్య ఖాళీ కనిపిస్తోంది. పన్ను వెనకబడింది. అర మిల్లీమీటరు లోపైతే చ్యూయీ రోజుకు మూడుసార్లు కొరికి, అదే ట్రేను ఇంకో మూడు నాలుగు రోజులు ఉంచండి. ఒక మిల్లీమీటరు దాటితే తర్వాతి ట్రేకు వెళ్లకండి, ఫొటో తీసి డాక్టరుకు పంపండి. ఖాళీ ఉండగానే ముందుకు వెళ్తే ప్రతి ట్రేకూ ఆ ఖాళీ పెరుగుతూనే ఉంటుంది. చాలామంది పదో ట్రే దగ్గర వచ్చి చెప్పే సమస్య నాలుగో ట్రే దగ్గరే మొదలై ఉంటుంది.

గుబ్బ ఊడింది. ఒకటైతే ఫోన్ చేసి చెప్పి, వచ్చే అపాయింట్‌మెంట్‌లో అతికించుకోవచ్చు. తిరిగిన కోరపన్ను మీదిదైతే రెండు మూడు రోజుల్లో వెళ్లండి, ఆ పన్ను తిరగడానికి ఆధారం అదే.

ట్రే పోయింది. తర్వాతి ట్రే పెట్టి చూడండి. పూర్తిగా కూర్చుంటే అదే కొనసాగించవచ్చో డాక్టర్‌ను అడగండి. కూర్చోకపోతే వెంటనే పాత ట్రే. అందుకే పాతవి పారేయకూడదు, కనీసం వెనకటి రెండు ట్రేలను నంబరు రాసి దాచండి. ఏదీ లేకుండా వారం ఉంటే పళ్లు వెనక్కి పోతాయి.

ముందు పళ్లు సర్దుకున్నాయి, వెనక దవడ పళ్లు కలవడం లేదు. ట్రే మందం రోజంతా వెనక పళ్ల మధ్య ఉండటం వల్ల అవి కొంచెం లోపలికి నొక్కుకుపోతాయి. చివర్లో కొన్ని వారాలు వెనక భాగం కత్తిరించిన ట్రేలతో సాధారణంగా సర్దుకుంటాయి. ఆ మాట మీరే గుర్తుచేయండి.

చిగుళ్ల మధ్య నల్ల త్రికోణాలు. ఇరుక్కున్న పళ్లు విడిపోయాక, ముప్పై ఐదు దాటినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయి. పక్కపక్కన కాస్త అరగదీసి దగ్గరికి జరపడం ఒక దారి, కాంపోజిట్ రెండోది. చికిత్స చెడిందని కాదు, కానీ ముందే చెప్పకపోవడం డాక్టర్ తప్పు.

పన్ను కదులుతోంది. కొంచెం కదలడం మామూలే. ఒకే పన్ను బాగా ఊగుతుంటే, చిగురు ఉబ్బి చీము వస్తుంటే అదే రోజు చూపించండి.

10. సిరామిక్, లింగ్యువల్ వేయించుకున్నవాళ్లకు

సిరామిక్‌లో పంటికి అతికించిన క్లిప్పు దిమ్మె పసుపెక్కదు, దానిమీది పారదర్శక రబ్బరు ముడి ఎక్కుతుంది. సాంబారు, పప్పుచారు, గోంగూరలో పోపు పసుపు, రెండు రోజుల్లో రంగు తేలుతుంది. ముడులు ప్రతి 4 నుంచి 6 వారాలకు ఎలాగూ మారుస్తారు. ముఖ్యమైన ఫంక్షన్ ఉంటే దానికి రెండు రోజుల ముందు అపాయింట్‌మెంట్ పెట్టుకోండి, కొత్త ముడులతో వెళ్లొచ్చు. పొగమంచు రంగు ముడులు అడిగితే మరక తక్కువ తెలుస్తుంది.

సిరామిక్ పెళుసు. మామిడి టెంక చీకడం, జామకాయ నేరుగా కొరకడం, ఎండు కొబ్బరి, చెరుకు ముక్క, వేరుశనగ చిక్కీ, జంతికలు వద్దు. కాయను ముక్కలు చేసుకుని దవడ పళ్లతో నమలండి. ఆవకాయ ముక్కలో టెంక భాగం ఉంటుంది, గుర్తుంచుకోండి.

లింగ్యువల్‌లో నాలుక పుండ్లకు మైనం ముక్క. దిమ్మె ఆరబెట్టి, శనగగింజంత మైనం ఉండ చేసి తీగ చివర నొక్కండి. అద్దంలో వెనక కనపడదు కాబట్టి తోమినా గార మిగులుతుంది. రోజుకోసారి నీటి ధారతో కడిగే పరికరం, ఆర్నెల్లకోసారి క్లీనింగ్ తప్పవు.

11. ఇంట్లో చేయకూడనిది

ముందు పళ్ల మధ్య సందు మూయడానికి రెండు పళ్లకూ కలిపి రబ్బరు బ్యాండు వేసుకోవడం ఫోన్ వీడియోల్లో తెగ తిరుగుతోంది. పన్ను పైన వెడల్పుగా, వేరు వైపు సన్నగా ఉంటుంది. బ్యాండు మెల్లగా చిగురు కిందికి జారి, వేరు వెంట ఎముకలోకి పాకుతుంది. సందు మూసుకుంటుంది, నిజమే. కొన్ని వారాలకు రెండు పళ్లూ ఊగుతాయి. బ్యాండు కనపడదు, ఎక్స్‌రేలో కూడా చాలావరకు తెలియదు. ఆ రెండు పళ్లూ పోయినవాళ్లున్నారు. ఇప్పటికే వేసుకుని అది "ఎక్కడో పడిపోయింది" అనుకుంటుంటే ఈరోజే డాక్టరుకు ఆ మాట చెప్పండి.

12. రిటైనర్

పళ్లు సరిగా వచ్చిన రోజు నుంచి చుట్టూ ఉన్న నారపోగులు వాటిని పాత చోటికి లాగుతూ ఉంటాయి. అందుకే రిటైనర్ లేకుండా ఏ చికిత్సా పూర్తవదు.

- పారదర్శక ట్రే: కనపడదు, ఏడాది రెండేళ్లకు అరిగి చీలుతుంది
- అక్రిలిక్, తీగ ఉన్న హాలీ ప్లేటు: కనపడుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది
- పళ్ల వెనక అతికించే సన్న తీగ: మరచిపోయే ప్రశ్నే లేదు, కానీ గార పేరుకుంటుంది, ఒక చోట ఊడితే తెలియదు

మొదట సందులున్నవాళ్లకు, కింది ముందు పళ్లు బాగా తిరిగి ఉన్నవాళ్లకు వెనక తీగతోపాటు రాత్రి ట్రే కూడా ఉంటే నయం. మామూలుగా మొదటి ఆరు నెలలు తిండికి తప్ప తీయకూడదు, ఆ తర్వాత రాత్రిళ్లు. ఎన్నేళ్లు అంటే, పళ్లు అలాగే ఉండాలని ఉన్నన్నాళ్లు.

చివరి ట్రేతోపాటే రెండు జతల రిటైనర్లు చేయించుకుని ఒకటి బీరువాలో పెట్టండి. ఆఖరి స్కాన్ ఫైలు మీ ఫోన్‌లోకి అడిగి తీసుకోండి. మూడేళ్ల తర్వాత బెంగళూరులో ఉండగా రిటైనర్ విరిగినా, పళ్లు కదలకుండా ఉంటే ఆ ఫైలుతో అక్కడే చేయించుకోవచ్చు.

కొన్ని రోజులు మానేసి పెట్టినప్పుడు బిగుతుగా ఉండి, పూర్తిగా కూర్చుంటే వారంపాటు రోజంతా ఉంచండి, సర్దుకుంటుంది. ఒక మూల లేచి ఉంటే నొక్కి కూర్చోబెట్టకండి. దాన్ని డబ్బాలో వేసుకుని క్లినిక్‌కు తీసుకెళ్లండి. పన్ను ఎంత జరిగిందో డాక్టరుకు ఆ పాత రిటైనరే చూపిస్తుంది.